మూడవ అడుగుకు చోటు

నర్సీపట్నం చెంత వరాహనది ఒడ్డున బలిఘట్టం ఉన్నది. నది అక్కడ ఉత్తరదిశగా మళ్ళి ప్రవహిస్తుంది గనుక ఉత్తరవాహిని అని పేరు. ఆ తీరాన శ్రీ బ్రహ్మలింగేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. మహాశివరాత్రినాడు చుట్టుపట్ల గ్రామాలవారూ, మన్యం నుండి దిగివచ్చే భక్తులూ అక్కడ స్నానమాచరించి స్వామిని సేవించుకొంటారు. బలిచక్రవర్తి యజ్ఞం చేసిన చోటు గనుక ఊరికి ఆ పేరు వచ్చిందని స్థలపురాణం. అక్కడ కనిపించే బూడిదవంటి తెల్లని మట్టి ఆ యజ్ఞభస్మమేనని పెద్దలు చెబుతారు. శ్రీమద్భాగవతం మాత్రం బలి అశ్వమేధం చేసినది నర్మదానది ఉత్తరతీరాన, భృగుకచ్ఛంలో అని చెబుతున్నది. ఈ రెండు మాటలకూ తగవు పెట్టనక్కరలేదు. ఒక మహాత్ముని కథ ఏ ఊరివారి మనస్సుకు హత్తుకొంటే ఆ ఊరివారు అతణ్ణి తమవాడుగా చేసుకొంటారు. వరాహతీరవాసులు బలిని తమవాడుగా చేసుకొన్నారు. అంతటి కథను ఇంటి ముంగిట ఉంచుకొని మనం దానిని వామనుని మహిమగా మాత్రమే విని ఊరుకొంటున్నాము. అందులో బలి పక్షాన నేర్చుకోవలసినది చాలా ఉన్నది.

లోకవస్తువులమీద ఆశ వదలి భగవంతునియందు ఆశ నిలపాలని ఏ పురాణకాలక్షేపంలోనైనా వింటాము. విని తల ఊపుతాము. కాని ఇంటికి వచ్చేసరికి ఆ మాట మన మనస్సులో కొంచెం రూపు మారుతుంది. దేవునియందు ఆశ నిలిపితే ఆ లోకవస్తువులనే ఆయన మరింత త్వరగా, మరింత నిండుగా ఇస్తాడు అన్న అర్థంగా మారుతుంది. అప్పుడు మన ఆశ ఉన్నచోటే ఉన్నది, దేవుడు దానికి దారి మాత్రమే అయినాడు. ఉద్యోగం వస్తే తలనీలాలు, ఇల్లు కట్టుకొంటే నూటపదహార్లు, కోర్టులో భూమి తగాదా గెలిస్తే శాశ్వతపూజ. ముడుపు కట్టడం మన పెద్దల ఆచారం, దానిని తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కష్టంలో ఉన్న బిడ్డ తల్లి కొంగు పట్టుకొని అడగకపోతే ఇంకెవరిని అడుగుతుంది? అయితే అడిగినది దొరకనినాడు ఏమవుతుందన్నదే ప్రశ్న. బలి కథ సరిగ్గా ఆ ప్రశ్న దగ్గర నిలబడి ఉన్నది.

వామనుడు యజ్ఞశాలలో అడుగుపెట్టేనాటికి బలికి ఏమేమి ఆధారాలున్నాయో ఒకసారి చూడాలి. విశ్వజిద్యాగం చేసి, భృగువంశ బ్రాహ్మణుల అనుగ్రహంతో దివ్యరథాన్ని పొంది, యుద్ధం లేకుండానే అమరావతిని ఆక్రమించినవాడు. మూడు లోకాలు చేతిలో ఉన్నాయి. శుక్రాచార్యుని వంటి గురువు పక్కన ఉన్నాడు. అలసట ఎరుగని దానవసేన ఉన్నది. అన్నిటికీ మించి, అడిగినవారికి లేదనని దాత అన్న కీర్తి ఉన్నది. వటువు మూడడుగుల నేల అడిగినప్పుడు బలి నవ్వుతాడు. చిన్నవాడివి, అడగడం చేతకాలేదు, ద్వీపాన్నే అడగరాదా అంటాడు. ఆ నవ్వును మనం బాగా గమనించాలి. అది లోభి నవ్వు కాదు, గొప్ప దాత నవ్వు. ఇచ్చేటప్పుడు కూడా అతని నమ్మకం తన భాండాగారం మీదనే ఉన్నది. ఎంత అడిగినా తరగనిది నా దగ్గర ఉన్నదన్న ధీమా అది. సంపదమీద ఆశ అనగానే కూడబెట్టేవాడే మనకు గుర్తుకు వస్తాడు. ఇచ్చేవానికి కూడా అది ఉండవచ్చునని, ఇంకా సూక్ష్మమైన రూపంలో ఉండవచ్చునని భాగవతం ఇక్కడ చూపిస్తున్నది.

దానికి వామనుడిచ్చిన సమాధానం కోపంతో కాదు, శాంతంగా ఇచ్చినది. మూడడుగులతో తృప్తి లేనివానికి ద్వీపమిచ్చినా తృప్తి ఉండదు, ఒక ద్వీపం దొరికినవాడు ఏడు ద్వీపాలూ కోరుతాడు అని. మన ప్రాంతంలో ఈ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు. ఎకరం చెరకు ఉన్నవారి దిగులు, పది ఎకరాల జీడిమామిడితోట ఉన్నవారి దిగులు, తూకం వేస్తే సమానంగానే ఉంటాయి. అనకాపల్లి బెల్లం బజారులో ధర పెరిగిననాడు ఇంకొంచెం ఆగి అమ్మవలసిందన్న బాధ, పడిపోయిననాడు ముందే అమ్మవలసిందన్న బాధ.

శుక్రాచార్యుడు అడ్డుపడతాడు. వచ్చినవాడు విష్ణువు, నీ సర్వస్వం పోతుంది, ఇవ్వవద్దు అని స్పష్టంగా చెబుతాడు. ఆపత్కాలంలో అసత్యమాడినా దోషం లేదని కూడా శాస్త్రం వివరించి చెబుతాడు. గురువు చెప్పినది లోకజ్ఞానం, అందులో తర్కదోషం లేదు. బలి వినడు. తనకు ముందు ఎందరో రాజులు వెళ్ళారనీ, ఎవరూ ఏదీ మూటగట్టుకొని వెళ్ళలేదనీ తలచి, అన్న మాట నిలుపుకొంటానంటాడు. గురువు శపిస్తాడు. ఇది బలి పోగొట్టుకొన్న మొదటి ఆధారం. ఇంకా నీరు ధారపోయలేదు, ఒక అడుగు కూడా పడలేదు. అప్పటికే వంశగురువు రక్షణ పోయింది.

తరువాత ఒక్కొక్కటిగా పోతాయి. మొదటి అడుగుకు భూమి, రెండవ అడుగుకు స్వర్గం. సేన తిరగబడి విష్ణుపార్షదుల చేతిలో దెబ్బతింటుంది. బలి తానే వారిని ఆపి, కాలం మనకు అనుకూలంగా లేదు, ఒకప్పుడు గెలిపించిన కాలమే ఇప్పుడు ఓడిస్తున్నదని చెప్పి వెనుకకు పంపుతాడు. గరుత్మంతుడు వరుణపాశాలతో బంధిస్తాడు. స్వేచ్ఛ కూడా పోయింది. అప్పుడు స్వామి మూడవ అడుగుకు చోటేదని అడుగుతాడు. ఇచ్చిన మాట తప్పితే నరకమని హెచ్చరిస్తాడు. దాత అన్న పేరు ఒక్కటే మిగిలింది, అదీ పోబోతున్నది.

ఇక్కడ బలి చెప్పిన మాటలలోనే ఈ కథకు ప్రాణం ఉన్నది. నరకానికీ పాశాలకూ భయపడను, అపకీర్తికి భయపడతాను, మూడవ అడుగు నా తలమీద ఉంచు అంటాడు. అంతటితో ఆగడు. తన తాత ప్రహ్లాదుని తలచుకొంటాడు. చివరకు విడిచిపోయే దేహం, బంధువుల పేరున ధనం హరించేవారు, ఆయువు గడిచిపోయే ఇల్లు, వీటివల్ల ఏమి ప్రయోజనమని ఎంచి, సొంత తండ్రి ఎన్ని బాధలు పెట్టినా ప్రహ్లాదుడు స్వామి పాదాలనే పట్టుకొన్నాడు గదా అని స్మరిస్తాడు. మూడు లోకాలు ఉన్నంతకాలం బలి నోట ఈ మాట రాలేదు. ఇప్పుడు వచ్చింది. పోయిన రాజ్యాన్ని తిరిగి ఇమ్మని ఆ మాటలో లేదు. కట్లు విప్పమని లేదు. ఇది మొక్కు కాదు, బేరం కాదు. ఆశ చోటు మారిన క్షణం ఇది.

ఆ తరువాత వచ్చే సన్నివేశం చాలామంది పౌరాణికులు తొందరగా దాటవేసేది. నాకు మాత్రం కథ అంతటిలో అదే ప్రియమైనది. ప్రహ్లాదుడు అక్కడికి వస్తాడు. పాశాలతో కట్టుబడి ఉన్న బలి తాతకు ఎప్పటివలె పూజ చేయలేకపోతాడు. కన్నీళ్ళతో తల మాత్రం వంచి, సిగ్గుతో ముఖం దించుకొంటాడు. చేతులు లేని నమస్కారం అది. ప్రహ్లాదుడు స్వామితో, ఇంద్రపదవి ఇచ్చినవాడవూ నీవే, తీసివేసినవాడవూ నీవే, రెండూ బాగున్నవి, సంపద ఎంత తెలిసినవానినైనా మోహంలో పడవేస్తుంది గనుక తీసివేయడం అనుగ్రహమేనని అంటాడు. మనుమడి కట్లు విప్పమని ముందుగా అడగడు. ఏ తాతకు అంత ధైర్యం ఉంటుంది?

పిదప బలిపత్ని వింధ్యావళి చేతులు జోడించి మాట్లాడుతుంది. దానం చేసేటప్పుడు కలశంతో నీరు తెచ్చి ఇచ్చిన ఇల్లాలు ఆమె. ఆమె చెప్పినదాని సారం ఇది: ఈ లోకాలు నీ ఆటకోసం నీవు చేసుకొన్నవి, వాటికి తామే యజమానులమని ఇతరులు తలపోయడం తెలివితక్కువతనం, నీకు ఎవరు ఏమి సమర్పించగలరు? మెల్లగా చదివితే ఇది భర్త పక్షాన చెప్పిన మాటే గాని భర్త దానగర్వం మీద పడిన గొడ్డలిపెట్టు కూడా. ఇచ్చాననడానికి అసలు అది నీది గదా అని. బలి తల వంచి ఇచ్చిన చోట, ఇచ్చాననే మాటను కూడా వింధ్యావళి తుడిచివేసింది.

ఈ పత్రిక చదివేవారిలో దేవాలయాలకు విరాళాలిచ్చినవారు ఎక్కువ. అన్నప్రసాదానికి బియ్యం పంపేవారు, మండపానికి స్తంభం కట్టించేవారు, ధూపదీపాలకు ఏటేటా పైకం కట్టేవారు ఉన్నారు. శిలాఫలకం మీద గోత్రనామాలు చెక్కించడం దోషం కాదు. ఒకరి పేరు చూచి మరొకరికి ఇవ్వాలనే బుద్ధి పుడుతుంది, ఆలయం ఆ విధంగానే నిలుస్తుంది. అయితే ఇచ్చిన తరువాత మన ఆశ ఎక్కడ ఉన్నదో ఎవరికి వారే చూచుకోవలసిన సంగతి. రశీదు భద్రంగా బీరువాలో దాచి, ఇంత ఇచ్చాము, మాకు ఈ ఏడు నష్టం ఎట్లా వచ్చిందని స్వామిని నిలదీసేవారిని చూస్తాము. వారిని పరిహసించరాదు, వారి దుఃఖం నిజమైనది. కాని వారు పెట్టుబడి పెట్టామనుకొన్నారు, దానం చేశామనుకోలేదు.

పైన చెప్పినట్లు నిలదీసినవారిలో భక్తరామదాసంతటివాడు కూడా ఉన్నాడని గుర్తుంచుకొంటే మనకు కొంత ఊరట. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాలో తహసీలుదారు. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో సర్వాధికారం నడిపిన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలని ప్రసిద్ధి. భద్రాచలంలో శ్రీరామునికి ఆలయం కట్టించి, ఆభరణాలు చేయించి, అందుకు సర్కారు పైకం వాడినందున గోల్కొండ కోటలో బందీ అయినాడు. పన్నెండేళ్ళు అని సంప్రదాయం. ఆ చెర నేటికీ కోటలో చూపిస్తారు. లోకరీతిగా చూస్తే ఇంతకంటే గట్టి ఆధారం ఎవరికుంటుంది? మేనమామ ప్రధానమంత్రి. అయినా విడిపించలేకపోయాడు. గోపన్న కీర్తనలలో రాముని బ్రతిమాలినవి ఉన్నాయి, సీతమ్మ చేత చెప్పించుకోవాలని చూచినవి ఉన్నాయి. ఏ నగకు ఎంత పైకం పట్టిందో లెక్కచెప్పి కటువుగా తిట్టినవి ఉన్నాయి. తిట్టినందుకు వెంటనే క్షమాపణ వేడుకొన్నది కూడా ఉన్నది. దెబ్బలకు ఓర్వలేక అన్నాను అని. తిట్టాడు గాని వేరే గుమ్మం తొక్కలేదు. కోపం కూడా ఆ ఒక్కనితోనే. ఇదీ ఒక ఆశయే, బలి ఆశకు తోబుట్టువు. రామలక్ష్మణులు మారువేషంలో వచ్చి పైకం చెల్లించారన్న కథ అందరూ ఎరిగినదే. చరిత్ర మరొకటి కూడా చెబుతున్నది. అక్కన్న, మాదన్నలు హత్యకు గురయ్యారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. చెరసాలలో పెట్టించిన తానీషాయే దౌలతాబాదు కోటలో బందీగా శేషజీవితం గడిపాడు.

ఇట్టి సంగతులకు పాతకాలపు కోటలదాకా పోనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని తాకిననాడు, తాతలనాటి చెట్లు ఒక్క పూటలో కూలడం ఈ ప్రాంతంవారు కళ్ళారా చూచినదే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. కొబ్బరిచెట్టును అక్కడి రైతులు పెద్దకొడుకని తలచుకొంటారు. ఆ చెట్ల కింద నిలబడినవారికి సంపద అశాశ్వతమని ఉపన్యాసం చెప్పబోవడం క్రూరత్వం. అట్టివేళ చెప్పవలసింది ముందు అన్నం, గుడ్డ, నీడ. పోయినదాని అశాశ్వతత్వం వారికి మనకంటె బాగా తెలుసు. వారికి తెలియవలసినది, పోనిది ఒకటి ఉన్నదా అని.

మొక్కుకొన్నాము, బిడ్డ దక్కలేదు అనేవారు ఉన్నారు. మీ భక్తిలో లోపం ఉన్నది గనుకనే అట్లా అయిందని వారికి చెప్పేవారు కూడా ఉన్నారు. ఆ రెండవవారి మాట వినవద్దని గట్టిగా చెప్పవలసి ఉన్నది. భాగవతం అష్టమస్కంధంలోనే గజేంద్రమోక్షం ఉన్నది, వామనచరిత్ర ఉన్నది. రెండూ ఒకే స్కంధంలో ఉన్నాయి గనుక రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవవచ్చు. గజేంద్రుడు వేడుకొన్నాడు, స్వామి పరుగున వచ్చి మొసలిని ఖండించి కాపాడాడు. బలి తలవంచాడు, అతని రాజ్యం పోయింది. ఒకరికి కట్టు విడిపోయింది, మరొకరికి కట్టు పడింది. భక్తికి ఫలితమే కొలత అయితే గజేంద్రుడు గొప్ప భక్తుడు, బలి కొరగానివాడు కావాలి. భాగవతం అట్లా అనలేదు. తాను ఎవరిని అనుగ్రహించదలచునో వారి సంపదను తొలగిస్తానని బ్రహ్మతో చెప్పిన స్వామి, బలిని మెచ్చుకొన్నంతగా ఆ కథలో మరెవ్వరినీ మెచ్చుకోలేదు.

గజేంద్రుని గురించి మరొక్క మాట. దేవునియందు ఆశ అంటే చేతులు ముడుచుకొని కూర్చోవడమని కొందరి అభిప్రాయం. మందు మానివేసి విభూతితో సరిపెట్టేవారూ, చదవకుండా పరీక్షకు కొబ్బరికాయ కొట్టేవారూ ఉన్నారు. గజేంద్రుడు మొసలితో వేయేళ్ళు పోరాడాడని భాగవతం. తొండంతో, దంతంతో, ఉన్న బలమంతటితో పోరాడాడు. ఆ పోరాటాన్ని వ్యాసుడు గాని, పోతన గాని నిందించలేదు. బలం ఉన్నంతవరకు వాడడం ధర్మమే. ఆడఏనుగుల గుంపు గట్టుమీద నిలబడి దుఃఖించినదే గాని లాగలేకపోయింది, వాటినీ నిందించలేదు. బంధువులు చేయగలిగినంతే చేస్తారు. బలం అయిపోయినచోట పిలుపు మొదలైంది. ఆ పిలుపులో కూడా పోతనగారి గజేంద్రుడు ఒకచోట దేవుని ఉనికినే శంకిస్తాడు. శంకిస్తూనే పిలుస్తాడు. స్వామి ఆ శంకను నేరంగా పట్టుకోలేదు, శ్రీదేవికైనా చెప్పకుండా బయలుదేరాడు. సందేహం వచ్చినందుకు తమను తాము పాపులుగా ఎంచుకొని గుడికి రావడం మానుకొన్నవారికి ఈ ఘట్టం ఎవరైనా చదివి వినిపించాలి.

పోతనగారు ఈ రెండు కథలనూ తెలుగులోకి తెచ్చిన తీరు వారి బ్రతుకుతో ముడిపడినది. బమ్మెర గ్రామానికి చెందిన ఆ కవి భాగవతాన్ని రాజులకు అంకితమిచ్చి అగ్రహారాలూ, వాహనాలూ పుచ్చుకోనని, శ్రీహరికే సమర్పించానని గ్రంథారంభంలోనే చెప్పుకొన్నారు. వ్యవసాయం చేసుకొని జీవించారని ప్రతీతి. బలి నోట వచ్చే మాటలు ఆయన ఘంటంలో అంత బలంగా పలకడానికి కారణం అదే కావచ్చునని నాకు తోస్తుంది. రాజాశ్రయం వద్దనుకొన్నవాడే సర్వం పోగొట్టుకొన్న రాజు మాటను వ్రాయగలడు.

చివరికి బలికి దొరికినదేమిటి? సుతలలోకం నివాసంగా ఇచ్చాడనీ, సావర్ణిమన్వంతరంలో ఇంద్రుడవుతావని వరమిచ్చాడనీ అందరూ చెబుతారు. అవి రెండూ నిజమే. అయితే స్వర్గాన్ని ఒకసారి ఏలి చూచినవానికి మళ్ళీ ఇంద్రపదవి అంత పెద్ద కానుక అని నేననుకోను. పెద్ద కానుక వేరే ఉన్నది. నేను గద ధరించి నీ ద్వారం దగ్గర నిత్యం కనిపిస్తూ ఉంటానని స్వామి అన్నాడు. మూడు లోకాలు ఉన్నప్పుడు బలి గుమ్మంలో ద్వారపాలకులు వేలకొలది ఉండేవారు. ఇప్పుడు ఒక్కడే ఉన్నాడు. బలి ఏ పొద్దున తలుపు తీసినా ఆయనే ఎదురుగా ఉంటాడు.

భాద్రపద శుద్ధ ద్వాదశి వామనజయంతి. దీపావళి మరునాడు, కార్తిక శుద్ధ పాడ్యమి, బలిపాడ్యమి. ఈ రెండు రోజులలో వీలైననాడు ఇంటిల్లిపాదీ కూర్చొని వామనచరిత్రను పోతన భాగవతం నుండి చదువుకోవచ్చు. పద్యం కష్టమైనవారు వచనతాత్పర్యం ఉన్న ప్రతి తీసుకొంటే చాలు. పూర్తిగా చదవడానికి తీరికలేనివారు వింధ్యావళి పలికిన భాగంతో ప్రారంభించవచ్చు. అది చాలా చిన్నది. బలిఘట్టం వెళ్ళేవారు ఉత్తరవాహినిలో నీరున్న కాలం చూచుకొని వెళ్ళి, స్నానమైన పిదప ఆ ఒడ్డునే కూర్చొని చదివితే మరింత బాగుంటుంది.